నాన్న బుల్లెట్టు, దొరకని రెండో గేరు

దుగ్గిరాల దగ్గర పసుపు బస్తాల ట్రాక్టరు ఒకటి, ఇండికేటరూ లేదు, చెయ్యి చూపడమూ లేదు, ఉన్నట్టుండి పక్క సందులోంచి రోడ్డెక్కేసింది. నేను నాన్న బుల్లెట్టు మీద నాలుగో గేర్లో వస్తున్నా. బ్రేకు నొక్కి, క్లచ్చి పట్టి, కుడికాలి వేళ్ళతో గేరు రాడ్డు పైకెత్తా, మూడు పడింది. మళ్ళీ ఎత్తా. ఇప్పుడు రెండు పడాలి. రాడ్డు పైకి వెళ్ళింది కానీ లోపల ఏమీ తగల్లేదు, గొళ్ళెం లేని తలుపు తోసినట్టు ఉత్తినే ఊగి వచ్చింది. క్లచ్చి వదిలితే బండి ఇంకా మూడులోనే ఉంది, ఆ స్పీడులో మూడో గేరంటే ఇంజను ముసలాయన దగ్గినట్టు డగ్ డగ్ మని దగ్గడం మొదలెట్టింది. వేరే బండైతే అక్కడే ఆగిపోయేది. ఇది పాత 350 సీసీ బండి కాబట్టి, 70 మిల్లీమీటర్ల బోరుకి (సిలిండరు వెడల్పుకి) 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) ఉన్న ఇంజను కాబట్టి, ఎలాగోలా ఈడ్చుకుంటూ వచ్చింది. ట్రాక్టరు వాడు మాత్రం వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

సంక్రాంతి సెలవులకి తెనాలి వచ్చి, బెజవాడలో స్నేహితుడి ఇంటికని ఆ బండేసుకుని బయల్దేరానన్నమాట. కారు తీసుకెళ్ళరా అంటే వినలేదు. అనుభవించా.

బండి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1986 మోడలు, క్యాస్ట్ ఐరన్ ఇంజను, నాన్న సెకండ్ హ్యాండులో కొన్నది. ఇప్పటి బళ్ళన్నిటికీ గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి ఉంటాయి కదా, దీనికి తిరకాసు. గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. గేర్లు కూడా ఒకటి పైకి, మూడు కిందకి. అంటే న్యూట్రల్‌లోంచి రాడ్డు పైకెత్తితే ఒకటి, అక్కణ్ణుంచి కిందకి నొక్కుకుంటూ పోతే రెండు, మూడు, నాలుగు. ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదు, ఇంగ్లండు అలవాటు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ కంపెనీ పెట్టినప్పుడు అక్కడి బండి ఎలా ఉందో అలాగే వచ్చింది, గేరుబాక్సు డిజైను కూడా అక్కడిదే, బర్మింగ్‌హామ్‌లో ఆల్బియన్ అని గేరుబాక్సులు చేసేవాళ్ళుండేవారు, వాళ్ళది. అక్కడ ఆ బండ్లూ పోయాయి, ఆ గేరుబాక్సూ పోయింది, మన దగ్గర మాత్రం దశాబ్దాలపాటు అదే కొనసాగింది.

దీనికి ఇంకో విచిత్రం ఉంది. గేరు రాడ్డు దగ్గరే చిన్న రాడ్డు ఇంకోటి ఉంటుంది, న్యూట్రల్ ఫైండరు. బండి రెండులో ఉన్నా మూడులో ఉన్నా నాలుగులో ఉన్నా క్లచ్చి పట్టి మడమతో దాన్ని ఒక్క నొక్కు నొక్కితే నేరుగా న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. ఒక్కో గేరూ దించుకుంటూ రానక్కర్లేదు. ఈ సదుపాయం ఇప్పటి బళ్ళకెందుకు లేదో నాకు నిజంగా అర్థం కాదు. అయితే మా కథలో అసలు దొంగ ఇన్నాళ్ళు దొరక్కపోవడానికి సగం కారణం ఈ ఫైండరే, అది తర్వాత చెప్తా.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పా, రెండో గేరు పడటం లేదని. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా "నాకెప్పుడూ అలా అవలేదే" అన్నారు. నీకు నడపడం రాదు అనడానికి మర్యాదైన మాట అది. సరే అని సాయంత్రం ఆయన్నే నడపమని వెనక కూర్చున్నా. మార్కెట్ సెంటరు దాకా వెళ్ళి వచ్చాం. ఒక్కసారి కూడా గేరు తప్పలేదు. స్పీడు బ్రేకరు దగ్గర నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, వెన్నలా దిగింది. సిగ్నలు దగ్గర మడమతో టక్కున ఫైండరు, న్యూట్రల్. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు మళ్ళీ నేను తీస్తే మళ్ళీ అదే కథ, నాలుగు నుంచి మూడు వస్తుంది, మూడు నుంచి రెండుకి ఎత్తితే ఖాళీ.

మా వీధి చివర షెడ్డులో చూపించా. అతను బండెక్కి ఒక రౌండు కొట్టి వచ్చి, దిగకుండానే తీర్పు చెప్పేశాడు. "లోపల పళ్ళు పోయాయన్నా. బాక్సు దించాలి, సెట్టు మార్చాలి, ఏడెనిమిది వేలవుతుంది, సామాను దొరికితే." సామాను దొరికితే అన్న మాట దగ్గర గొంతు కాస్త తగ్గించాడు. నేను సరే ఆలోచించి చెప్తా అని బండి వెనక్కి తెచ్చేశా. డబ్బుల గురించి కాదు, నిజంగానే కాదు. పాత బండి గేరుబాక్సు ఒకసారి విప్పి సెట్టు మారిస్తే అది మళ్ళీ ఇదివరకటి బాక్సు అవ్వదు, ఏదో ఒక చోట కొత్త శబ్దం పుట్టుకొస్తుంది, దానికోసం మళ్ళీ విప్పాలి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, మా బాబాయి బండికి జరిగింది.

పైగా అతను చెప్పింది నాకు అతకలేదు. గేరు పడకపోవడం వేరు, పడిన గేరు జారిపోవడం వేరు. లోపల గేర్ల డాగ్స్, అంటే ఒక గేరు పక్కదాన్ని పట్టుకునే మొండి పళ్ళు, అరిగిపోతే ఏమవుతుందంటే, గేరు పడుతుంది, కానీ యాక్సిలరేటరు ఇచ్చి లోడు పడగానే ఎగిరి బయటికొచ్చేస్తుంది, ఇంజను ఒక్కసారిగా గీ మని అరుస్తుంది. నా బండికి అలా ఒక్కసారీ అవలేదు. రెండులో పెట్టి (పైనుంచి, ఒకటి నుంచి రెండుకి వస్తే చక్కగా పడుతోంది) పెద్ద వంతెన ఎక్కించా, ఫుల్లుగా తిప్పా, వదిలా, మళ్ళీ తిప్పా, గేరు అంగుళం కదల్లేదు. అంటే గేర్లు బాగానే ఉన్నాయి. గేరుని పిలిచే చెయ్యి బాగాలేదు.

ఇంకో రెండు అనుమానాలు కూడా తీర్చుకోవాలి కదా. మొదటిది, రాడ్డు షాఫ్టు మీద జారుతోందేమో. ఏ బండికైనా గేరు రాడ్డు లోపల సన్నటి గాడులుంటాయి, బోల్టు వదులై కొన్నాళ్ళు నడిస్తే ఆ గాడులు అరిగి రాడ్డు ఊరికే తిరుగుతుంది, దానికి గేరుబాక్సు విప్పించుకున్న మహానుభావులున్నారు. సుద్దముక్కతో రాడ్డుకీ షాఫ్టు చివరకీ కలిపి ఒక గీత గీశా. గేరు తప్పినప్పుడు చూస్తే గీత గీతలాగే ఉంది. అది కాదు. రెండోది క్లచ్చి. క్లచ్చి పూర్తిగా వదలకపోతే గేర్లు మొరాయిస్తాయి, ముఖ్యంగా ఇంజను వేడెక్కాక న్యూట్రల్ దొరకదు. సెంటరు స్టాండు వేసి, ఇంజను ఆన్ చేసి, గేర్లో పెట్టి, క్లచ్చి పట్టి వెనక చక్రాన్ని కాలితో ఆపా, సులువుగా ఆగింది. కేబులుకి ఉండాల్సిన కాస్త వదులు (ఫ్రీ ప్లే) కూడా సరిగానే ఉంది. అదీ కాదు.

ఆ తర్వాత చేసింది అన్నిటికన్నా చవక పరీక్ష, నిజానికి మొదట చేయాల్సింది అదే. ఇంజను ఆపేసి, సెంటరు స్టాండు మీద, ఎడం చేత్తో వెనక చక్రం మెల్లగా తిప్పుతూ కుడిచేత్తో రాడ్డు కదిపా. చక్రం ఎందుకు తిప్పాలంటే, ఆగి ఉన్నప్పుడు డాగ్స్ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి అడ్డుపడతాయి, గేరు పడక మనం అనవసరంగా కంగారు పడతాం. చెయ్యి కాలికన్నా బాగా చెప్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, కిందకి నొక్కుతుంటే ప్రతిసారీ లోపల ఒక గట్టి మెట్టు తగులుతోంది. పైకెత్తేటప్పుడు మొదటిసారి మెట్టు తగులుతుంది, రెండోసారి తగలదు. పదిసార్లు చేశా, పదిసార్లూ అంతే. అరిగిపోయిన వస్తువు ఒక్కోసారి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. ఇంత క్రమశిక్షణగా తప్పుతోందంటే అది అరుగుదల కాదు, సెట్టింగు.

బీరువాలో బండి కాగితాల సంచి ఉంటుంది, ఆర్సీ, పాత ఇన్సూరెన్సులు, ఎప్పటివో పెట్రోలు బిల్లులు. అందులో సర్వీసు మాన్యువల్ జిరాక్సు ఒకటుంది, సగం పేజీలు నల్లగా. గేరుబాక్సు భాగంలో ఒక చిన్న పేరా: గేర్లు సరిగా పడకపోతే బయటి కవరు తీసి అడ్జస్టరు ప్లేటు చూడమని, దాన్ని రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయని, రంధ్రాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ప్లేటుని ఇటూ అటూ జరపొచ్చని, మధ్య గేర్లో పెట్టి రాడ్డుకి పైకీ కిందకీ సమానమైన కదలిక ఉండేలా సెట్ చేయమని. సెట్టింగు తప్పితే నాలుగు నుంచి మూడుకో, ఒకటి నుంచి రెండుకో వచ్చాక రాచెట్ (గేరుని మెట్టు మెట్టుగా తిప్పే పళ్ళ ముక్క) సరిగా కూర్చోదు అని కూడా రాసుంది. నాలుగు నుంచి మూడుకి వచ్చాక! అక్షరం పొల్లు పోకుండా నా జబ్బే. ఆ పేరా చదివి అర్ధరాత్రి వరండాలోకి వెళ్ళి బండిని ఒకసారి చూసి వచ్చా.

మర్నాడు కనుమ. మామూలుగా అయితే ఆ రోజు మా ఇంట్లో ఎవరూ గారెలు తినడం తప్ప ఇంకో పని చేయరు. నేను పాత చాప పరుచుకుని కూర్చున్నా. కిక్ రాడ్డు ఊడదీశా, గేరు రాడ్డు, ఫైండరు రాడ్డు తీశా. పానాల దగ్గర చిన్న గొడవ. ఈ పాత బళ్ళ నట్లు చాలావరకు ఇంగ్లీషు సైజులు, మన 12, 13 పానాలు కూర్చున్నట్టే కూర్చుని మూలలు తినేస్తాయి. ఇప్పటికే ఎవరో తినేసినవి ఉన్నాయి, నా వంతుగా ఇంకో దాన్ని గుండ్రం చేయలేదు, అదే గొప్ప.

కవరు స్క్రూల్లో ఒకటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒక్కటి, కింది వెనక మూలది, తల గాడి మొత్తం పోయి గిన్నెలా నున్నగా అయిపోయి ఉంది. స్క్రూ డ్రైవరు పెట్టి సుత్తితో కొట్టి తిప్పా, జారింది. వేడినీళ్ళు పోశా, జారింది. చివరికి ఏక్సా బ్లేడు సగం ముక్క విరిచి, గుడ్డ చుట్టి పట్టుకుని, ఆ తల మీద కొత్త గాడి కోయడం మొదలెట్టా. పావుగంట పట్టింది. చిన్న చిన్న ఇనప రజను మెరుస్తూ చాప మీద పడుతుంటే అమ్మ వచ్చి చూసి "పిండి జల్లెడ ఎక్కడుందో ముందు అది దాచాలి" అని వెళ్ళిపోయింది. గాడి లోతుగా పడ్డాక వెడల్పాటి స్క్రూ డ్రైవరు పెట్టి, వెనక సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, పానాతో స్క్రూ డ్రైవరు కాడనే పట్టి తిప్పితే కిర్రుమంది. ఆ కిర్రు విన్నప్పుడు కలిగిన ఆనందం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

కవరు ఊడింది. లోపలంతా గ్రీజు. గ్రీజంటే గ్రీజు కాదు, ఆవకాయ జాడీ అడుగున ఏళ్ళ తరబడి మిగిలిపోయిన నల్లటి ముద్దలా ఉంది, వేలితో తీస్తే ముక్కలుగా వస్తోంది. ఈ బాక్సులో మొదటినుంచీ పోసేది పల్చటి ఆయిలు కాదు, మెత్తటి గ్రీజు, అది ఏళ్ళకి గట్టిపడుతుంది. పాత టూత్‌బ్రష్షు, కిరసనాయిలు పెట్టి కడిగా. ఇప్పుడు కిరసనాయిలు కూడా సులువుగా దొరకడం లేదు, పక్కింటి మామ్మగారి దగ్గర అరలీటరు అప్పు.

కడిగాక అసలు బొమ్మ కనిపించింది. దీన్ని మాటల్లో చెప్పడం కష్టం కానీ ప్రయత్నిస్తా. మనం రాడ్డు ఎత్తినప్పుడు నేరుగా గేరు మారదు. రాడ్డుతోపాటు పళ్ళున్న ఒక ముక్క కదులుతుంది, అది లోపలి పళ్ళ చక్రంలో ఒక పన్ను పట్టుకుని ఒక మెట్టు తిప్పుతుంది, ఒక్క మెట్టే, అందుకే ఒక ఎత్తుకి ఒకే గేరు మారుతుంది. కాలు వదిలేస్తే స్ప్రింగు రాడ్డుని మధ్యకి తెస్తుంది. ఇక్కడే కిటుకు. మధ్యకి వస్తూ ఆ ముక్క పళ్ళ మీదుగా జారి తర్వాతి పన్ను సందులో కూర్చోవాలి, నూతి గిలక దగ్గర తాడు వదిలి మళ్ళీ పై నుంచి పట్టుకున్నట్టు. ఎక్కడికి వచ్చి ఆగాలి, ఎప్పుడు కూర్చోవాలి అని నిర్ణయించేది ఆ అడ్జస్టరు ప్లేటు. అది కాస్త ఒక పక్కకి జరిగితే, ఒక దిక్కున ముక్క ముందే కూర్చుంటుంది, రెండో దిక్కున పన్ను అంచు మీదే నిలబడిపోతుంది, సందులోకి దిగదు. మళ్ళీ ఎత్తితే పట్టుకోడానికేమీ ఉండదు. ఖాళీగా ఊగుతుంది.

ప్లేటు రెండు స్క్రూల్లో ఒకటి చేత్తో తిరిగింది. రెండోది బిగువుగానే ఉంది కానీ దాని కింద వాషరు లేదు. ప్లేటు వెనక లోహం మీద, గోరంత వెడల్పున తళతళలాడే గీత ఒకటి, అంటే ప్లేటు కొంచెం కొంచెంగా జరుగుతూ తనకి తనే దారి వేసుకుంది. ఎప్పుడు ఎవరు విప్పారు నాన్నా దీన్ని అంటే చాలాసేపు ఆలోచించి, "కృష్ణా పుష్కరాలప్పుడు కిక్ జారుతోందని ఒకసారి విప్పించా" అన్నారు. మొన్న 2016వి కాదట, అంతకు ముందువి, 2004వి. వాషరు ఎక్కడో కృష్ణలో కలిసిపోయి ఉంటుంది.

ఇక సెట్టింగు. మాన్యువల్లో సమానంగా ఉండాలి అని రాసేశాడు, ఎంత సమానమో కంటికి ఎలా తెలుస్తుంది? కవరు లేకుండానే రాడ్డు తిరిగి షాఫ్టుకి తగిలించి, దాని వెనక స్వీటు డబ్బా అట్ట ఒకటి తాడుతో కట్టి, మూడో గేర్లో పెట్టి, రాడ్డు పైకి లోపల పన్ను తగిలేదాకా ఎత్తి అట్ట మీద పెన్నుతో గీత, కిందకి తగిలేదాకా నొక్కి గీత. మధ్యలో రాడ్డు మామూలుగా నిలిచే చోటు ఒక గీత. కిందకి 9 మిల్లీమీటర్లు, పైకి 21. ఇంత తేడా! అందులోనూ పైకి తగిలిన చోట అది సరిగా పట్టడం లేదు, గీరుకుంటోంది.

విప్పేముందు ప్లేటు ఎక్కడుందో సూదితో గీత గీసి పెట్టుకున్నా, ఇది ఎవరైనా చేయాల్సిన పని, లేకపోతే చెడిపోయిన చోటుకైనా తిరిగి రాలేం. రెండు స్క్రూలు వదులు చేసి ప్లేటుని జరిపా. ఎంత? నేను ఒక మిల్లీమీటరు అనుకుని జరిపితే ఎక్కువైపోయింది. ఇప్పుడు రాడ్డు పైకెత్తితే గేర్లు అమృతంలా దిగుతున్నాయి, కానీ ఒకటి నుంచి రెండు పడ్డాక మూడు పడటం లేదు! జబ్బు అటునుంచి ఇటు మారింది. చూడ్డానికి ఓటమిలా ఉంటుంది కానీ నేను ఆ క్షణం చాప మీద కూర్చుని గట్టిగా నవ్వా, ఎందుకంటే తప్పు పక్క మారిందంటే తప్పు ఇక్కడే ఉందని కదా. రెండోసారి వెంట్రుకవాసి వెనక్కి. 13, 17. మూడోసారి స్క్రూ డ్రైవరు పిడితో టిక్ టిక్ మని రెండు చిన్న దెబ్బలు. 15, 15 అని చెప్పాలని ఉంది, నిజం చెప్పాలంటే 15, 16.

ఇదంతా జరుగుతుండగా నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి స్టూలు వేసుకున్నారు. అప్పటికి నేను ప్లేటుని పాత గీత దగ్గరికే తెచ్చి ఇంకోసారి పోల్చి చూద్దామని పెట్టా. "ఏదీ, పడదంటున్నావు, చూడనీ" అని వంగి చేత్తో రాడ్డు పట్టుకున్నారు. నాలుగు నుంచి ఎత్తారు, మూడు. తర్వాత రాడ్డుని వేలితో కిందకి ఒక చిన్న తట్టు తట్టి ఎత్తారు, రెండు. నేను మళ్ళీ చేయమన్నా. మళ్ళీ తట్టి ఎత్తారు, మళ్ళీ రెండు. కవరు లేదు కాబట్టి లోపల ఏం జరుగుతోందో కళ్ళ ముందే కనిపిస్తోంది. ఆయన కిందకి తట్టినప్పుడల్లా, పన్ను అంచు మీద నిలబడిపోయిన ఆ ముక్క ఒక్క ఊపు ఊగి సందులోకి టప్పున దిగుతోంది. అప్పుడు ఎత్తితే పట్టుకుంటోంది.

నేను చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చుని చూసేవాణ్ణి, నాన్న గేరు మార్చేటప్పుడు కాలితో తాళం వేసినట్టు ఒక తట్టు, ఒక ఎత్తు ఉండేది. అదొక స్టయిలు అనుకునేవాణ్ణి. స్కూల్లో సైకిలు మీద కూడా నోటితో గేర్లు మారుస్తూ ఆ తట్టు తట్టేవాణ్ణి. అసలు తట్టకుండా ఎత్తండి నాన్నా అన్నా. ఎత్తారు. ఖాళీ. ఆయన రాడ్డు వంక చూశారు, నా వంక చూశారు, "అలా ఎవడు ఎత్తుతాడ్రా" అన్నారు.

సిగ్నల్ దగ్గరా, ఇంటి దగ్గరా మడమతో ఫైండరు. స్పీడు బ్రేకరు దగ్గర తట్టి ఎత్తడం. ఈ రెండింటి మధ్య ఇరవై ఏళ్ళకి పైగా ఆ ప్లేటు హాయిగా పక్కకి జరిగి కూర్చుంది, ఎవరూ అడగలేదు.

ప్లేటుని మళ్ళీ సరైన చోటుకి తెచ్చి బిగించా. ఈసారి రెండు స్క్రూల కిందా స్ప్రింగు వాషర్లు. పళ్ళ కొనలు టార్చి వేసి చూశా, కాస్త గుండ్రబడ్డాయి కానీ ఇంకా అంచు ఉంది. మార్చాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడా. బెజవాడలో ఒక పాత స్పేర్ పార్టుల షాపుకి ఫోన్ చేస్తే సామాను ఉందన్నాడు, కానీ కొత్త తయారీదట. పాత ఇనుము ఇన్నేళ్ళు నిలబడింది, కొత్తది ఎంత గట్టిదో ఎవడికి తెలుసు. స్ప్రింగు ఒక్కటి మాత్రం తెప్పించి మార్చా, 60 రూపాయలు. పాతది పక్కన పెట్టి చూస్తే ఒక చుట్టు బాగా సాగి ఉంది, అది కూడా రాడ్డు మధ్యకి సరిగా రాకపోవడానికి సాయం చేసే ఉంటుంది.

కవరు ప్యాకింగు, అంటే కవరుకీ బాక్సుకీ మధ్య కారకుండా పెట్టే కాగితం, చినిగిపోయింది. రెడీమేడ్‌ది కొనక్కర్లేదు, ప్యాకింగు కాగితం షీటు ఒకటి తెచ్చి కవరు అంచుల మీద పరిచి, గుండ్రటి తల ఉన్న సుత్తితో అంచు వెంబడి మెల్లగా కొట్టుకుంటూ పోతే కాగితం దానంతటదే తెగుతుంది. స్క్రూ రంధ్రాల దగ్గర బేరింగు బాలు పెట్టి ఒక్క దెబ్బ. నేను చేసింది కొంచెం వంకర వచ్చింది, కానీ కారడం లేదు. (రెండు చుక్కలు కారుతోంది. పాత బుల్లెట్టు కింద చుక్క లేకపోతే అందులో ఆయిలు లేదని అర్థం అంటారు కదా, అలా సర్దుకున్నా.) లోపల కొత్త గ్రీజు మెత్తగా పెట్టి, పైన కొంచెం ఆయిలు పోశా. మొత్తం గ్రీజు వేయాలా, గ్రీజూ ఆయిలూ కలపాలా అన్నదాని మీద బుల్లెట్టు మెకానిక్కులు కొట్టుకు చస్తారు, నేను ఆ యుద్ధంలో దిగను. నా అభిప్రాయం ఒక్కటే, గట్టిపడనివ్వకుండా అప్పుడప్పుడూ తీసి చూడండి.

ఆ మూల స్క్రూకి కొత్తది వేశా, దారాలకి కాస్త గ్రీజు రాసి మరీ. తర్వాత దీన్ని విప్పబోయేవాడు ఎవడైనా సరే, బహుశా నేనే, ఏక్సా బ్లేడు వెతుక్కోకూడదు.

సాయంత్రం నందివెలుగు రోడ్డు మీదకి తీశా. నాలుగు, మూడు, రెండు, ఒకటి. మళ్ళీ పైకి. మళ్ళీ కిందకి. పొలాల మధ్య ఖాళీ రోడ్డు మీద పిచ్చోడిలా గేర్లు మార్చుకుంటూ వెళ్ళా, ప్రతి ఎత్తుకీ కాలి వేళ్ళకి ఆ మెట్టు తగులుతోంది, క్లిక్ కాదు, దానికన్నా మందంగా, మంచి తాళం పడినట్టు. మొత్తం ఖర్చు స్ప్రింగు, వాషర్లు, ప్యాకింగు షీటు, గ్రీజు కలిపి 300 కూడా దాటలేదు. కిరసనాయిలు బాకీ ఇంకా తీర్చలేదు.

ఇంటికొచ్చి తాళం నాన్న చేతికిచ్చా, ఇప్పుడు నడిపి చూడండని. అమ్మని కూడా ఎక్కించుకుని గుడికి వెళ్ళారు. నేను గేటు దగ్గరే నిలబడ్డా, మెచ్చుకుంటారని, అబద్ధమెందుకు. అరగంటకి వీధి మలుపులో చప్పుడు వినిపించింది, చప్పుడు ఏదో తేడాగా ఉంది. మలుపు దగ్గర స్పీడు బ్రేకరుంది, అక్కడ ఇంజను దగ్గుతోంది, నాకు దుగ్గిరాల దగ్గర దగ్గినట్టే. గేటు ముందు ఆపి మడమతో ఫైండరు నొక్కి స్టాండు వేసి దిగారు.

"పాడు చేశావురా అబ్బాయ్" అన్నారు. "రెండో గేరుకి రానే రావట్లేదు. మూడుకొచ్చి, తట్టి ఎత్తుతుంటే, తట్టగానే నాలుగులోకి పోతోంది, ఎత్తితే మళ్ళీ మూడు. గుడి దాకా మూడూ నాలుగూ, మూడూ నాలుగూ."

తట్టొద్దు నాన్నా, ఉత్తినే ఎత్తండి, ఇప్పుడు తట్టక్కర్లేదు అని చెప్పా. సరే సరే అన్నారు. మర్నాడు పొద్దున ఆయన పాల పాకెట్లకి వెళ్తుంటే మేడ మీంచి విన్నా. మలుపు దగ్గర మూడు, నాలుగు, మూడు, నాలుగు. అమ్మ వంటింట్లోంచి అరిచింది, "ఆ ప్లేటేదో మళ్ళీ పక్కకి జరిపి ఊరెళ్ళరా నువ్వు!"